రథం బండికి వేడి మీటరు

మే నెల రెండో గురువారం పొద్దున శంకరరావు వైకుంఠ రథం ముందు మూత పైకెత్తి, దానికి కర్ర ఆన్చి, ఇంజను ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. కూర్చున్నాడే గాని పని మొదలుపెట్టబుద్ధి కాలేదు. ముందురోజు సాయంత్రమే ఒకరిని సాగనంపి వచ్చాడు. అంతకు రెండు రోజుల ముందు మరొకరిని. ఎండలు ముదిరాయంటే రైల్వే కాలనీల్లో పెద్దవాళ్ళు ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోతుంటారు. ఒకరిని దించి ఇంటికొచ్చి, స్నానం చేసి తల తుడుచుకునేలోగా ఫోన్ మోగుతుంది.

అతనికి అరవై ఏడేళ్ళు. బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ముప్పై ఆరేళ్ళు ఫిట్టరుగా చేసి, క్వార్టర్ ఖాళీ చేసి, హేమూనగర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. రిటైరైన ఏడాదే సంఘం వాళ్ళు ఈ బండి కొన్నారు. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనులకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల సంఘం అది. పాత అంబులెన్సు ఒకటి తెచ్చి, తెల్లరంగు వేయించి, పక్కలకు అద్దాలు పెట్టించి, నెత్తిన రేకు గోపురం బిగించారు. ముందర పైన తెలుగులో ‘వైకుంఠ రథం’ అనీ, కింద హిందీలో ‘శవ్ వాహన్’ అనీ రాయించారు. ఇప్పటి పిల్లలు కిందిది మాత్రమే చదువుతారు.

నడిపేదెవరని మీటింగులో అడిగినప్పుడు చెయ్యెత్తింది శంకరరావు ఒక్కడే. ‘మరో మనిషి దొరికేదాకా’ అన్నారు. ఏడేళ్ళయింది. ఆ మరో మనిషి దొరకలేదు. కుర్రవాళ్ళని అడిగితే ‘అచ్ఛా అంకుల్, చూద్దాం’ అని తప్పుకుంటారు. ఈమధ్య శంకరరావు పెళ్ళిళ్ళకు వెళ్ళడం కూడా మానుకున్నాడు. గుమ్మంలో అతను కనబడగానే ముసలివాళ్ళ ముఖం అరక్షణం మారుతుంది. ఆ తరవాతే నవ్వి రమ్మంటారు. ఆ అరక్షణం అతనికి పడటం లేదు.

బండికి జబ్బు ఒకటే. పరిగెత్తమంటే పరిగెడుతుంది, నడవమంటే నడవలేదు. ముందు నిప్పుకుండ పట్టుకుని మనిషి నడుస్తుంటే వెనక రథం ఆ నడకతోనే కదలాలి. అంత నెమ్మదిలో రేడియేటరుకి గాలి తగలదు, ఫ్యాను సరిగ్గా తిరగదు, లోపల నీళ్ళు మరిగిపోతాయి. ఎంత వేడెక్కిందో చెప్పే మీటరు ఎప్పుడో చచ్చిపోయింది.

పోయిన నెల లక్ష్మీనరసమ్మగారిని తీసుకెళ్తుండగా ఓవర్‌బ్రిడ్జి ఎక్కే చోట ఒక్కసారిగా ఆవిరి చిమ్మి ఇంజను ఆగిపోయింది. అరగంట చూశారు. చివరికి పాడె కిందికి దించి, నలుగురూ భుజాలకెత్తుకుని ఆ ఎండలో రెండు కిలోమీటర్లు మోశారు. ఆవిడ పెద్దకొడుకు వెంకటేశ్వరరావు వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, “మా అమ్మని రోడ్డు మీద పెట్టీసేవు కదయ్యా” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. శంకరరావు ఆ రాత్రే కాదు, చాలా రాత్రులు ఆ మాట దగ్గరే మేలుకుని ఉండిపోయాడు.

వ్యాపార్ విహార్‌లో మెకానిక్కు చూసి, ఇంజనులో పాత సెన్సరు కూర్చునే చోట మరలన్నీ అరిగిపోయాయన్నాడు. ఇంజనుని కదపకుండా, పై గొట్టాన్ని మధ్యలో కోసి, అక్కడ ఇత్తడి జాయింటు ముక్క పెట్టి, దానిలో కొత్త సెన్సరు బిగించుకోమన్నాడు. రెండు వీధుల అవతల దుకాణంలో సామానంతా ఒకే డబ్బాలో దొరికింది. గుండ్రటి మీటరు, బొటనవేలంత సెన్సరు, ఇత్తడి ముక్క, దాన్ని గొట్టానికి పట్టి ఉంచే రెండు క్లిప్పులు, చుట్ట చుట్టిన వైరు. ఆ డబ్బా తెచ్చి పది రోజులైంది. విప్పడానికి ఈవేళ తీరింది.

ఎనిమిదిన్నరకి స్కూటీ చప్పుడైంది. ఝాన్సీ వచ్చింది. షెడ్డులో శంకరరావుతో ఇరవై ఏళ్ళు పనిచేసిన నూకరాజు కూతురు. తండ్రి పోయి నాలుగేళ్ళయింది. అతన్ని తీసుకెళ్ళింది కూడా ఈ బండే. ఝాన్సీ ఇప్పుడు అదే షెడ్డులో ఎలక్ట్రికల్ వైపు టెక్నీషియను. ఆరోజు ఆమెకి రెస్టు.

“ఏటి పెదనాన్నా, ఇంకా డబ్బా కూడా విప్పలేదా?”

“నువ్వొస్తావని ఆగేను.”

“అబద్ధం. మొహం చూస్తే తెలస్తంది. నిద్దర్లేదు కదా?”

శంకరరావు రేడియేటరు కింద బకెట్టు పెట్టి, అడుగున ఉన్న మర వదులు చేశాడు. తుప్పురంగు నీళ్ళు సన్నటి ధారగా పడ్డాయి. పై గొట్టం ఖాళీ అయ్యేంత వరకు పోనిచ్చి మర బిగించాడు. ఝాన్సీ ఇత్తడి ముక్కని గొట్టం పక్కన పెట్టి చూసి, ఎక్కడ తిన్నగా ఉందో, ఎక్కడ పెడితే ఫ్యానుకి తగలదో చూసుకుని, సుద్దతో రెండు గీతలు గీసింది.

శంకరరావు హాక్సా బ్లేడు తీసుకుని గీత మీద ఆన్చాడు. ఆన్చి ఆగిపోయాడు.

“ఏటయింది?”

“మంచి గొట్టమే ఇది. పోయినేడే మార్చేను. మంచిదాన్ని కొయ్యాలంటే చెయ్యి రావట్లేదే.”

“నేను కొయ్యనా?”

“ఉండు. కోస్తాను.”

రబ్బరు బాగా గట్టిది. లోపల నూలు పోగులు బ్లేడుకి అడ్డం పడుతున్నాయి. పూర్వం ఇదే చేత్తో బారెడు పానా పట్టుకుని ఇంజను బోల్టులు విప్పేవాడు. ఇప్పుడు వేలెడు గొట్టం ముక్క కొయ్యడానికి మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. ముక్క ఊడి అరచేతిలో పడ్డప్పుడు ఝాన్సీ మంచినీళ్ళ సీసా అందించింది.

ఇత్తడి ముక్కని రెండు కొసల మధ్యా దూర్చడానికి సబ్బునీళ్ళు రాయాల్సొచ్చింది. క్లిప్పులు బిగించారు. సెన్సరు మరకి తెల్ల టేపు ఒక్క చుట్టు చుట్టి, ఇత్తడిలోకి తిప్పి కూర్చోబెట్టారు. ఝాన్సీ వైరుని ఇంజను వేడి తగలకుండా పక్కగా లాగి, డాష్‌బోర్డు కింద మీటరుకి కలిపింది. శంకరరావు బకెట్టులో నీళ్ళు వడగట్టి, కొత్త కూలెంటు కలిపి పోశాడు. గొట్టాన్ని చేత్తో పిసుకుతుంటే లోపలి గాలి బుడబుడమని పైకొచ్చింది. రేడియేటరు మూత పెట్టకుండానే ఇంజను స్టార్టు చేశారు.

పది నిమిషాలు గడిచాయి. గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. మీటరులో ముల్లు మాత్రం అడుగునే ఉంది.

“పాడైన సరుకు అంటగట్టేడు” అన్నాడు శంకరరావు. మళ్ళీ వ్యాపార్ విహార్ దాకా వెళ్ళాలి, మళ్ళీ నీళ్ళు దించాలి, మళ్ళీ పొయ్యాలి అనుకోగానే పీట మీద కూలబడ్డాడు.

ఝాన్సీ వంగి సెన్సరు వైపు చూసింది. “అరే పెదనాన్నా, దుకాణం వాడిని తిట్టకు. తప్పు మనదే. అటు రబ్బరు, ఇటు రబ్బరు. మధ్యలో ఇత్తడి ముక్క గాల్లో ఉన్నట్టే కదా. దానికి ఎర్త్ ఎక్కడుంది? సెన్సరు ఇంజనుకే బిగిస్తే ఇనుములోంచి దొరికీది. ఇక్కడ మనమే ఇవ్వాల.”

“ముప్పై ఆరేళ్ళు చేసేను. ఇంత చిన్న విషయం తట్టలేదు చూడు.”

“నువ్వు చక్రాలూ బ్రేకులూ చూసినవాడివి. వైరింగు నీ సెక్షన్ కాదుగా.”

ఆమె ఒక పొట్టి వైరు తీసుకుని ఒక కొస ఇత్తడి ముక్కకి బిగించింది. రెండో కొస బాడీకి బిగించాలి. అక్కడ రంగు గీకుతుండగా శంకరరావు జేబులో ఫోన్ మోగింది. అతను తెర చూశాడు. సంఘం సెక్రటరీ జగన్నాథం. ఆ పేరు చూడగానే విషయం తెలిసిపోయింది. ఎవరన్నదే తెలియాలి.

“తిరుమలరావుగారు పోనారు, శంకరం” అన్నాడు జగన్నాథం. “గార్డుగా చేసి రిటైరయ్యేరు చూడు, బుధవారీ బజార్ అవతల కూతురి క్వార్టర్‌లో ఉంటన్నారు. తెల్లవారుజామున నిద్దర్లోనే. రెండింటికి ఎత్తుతారంట.”

“రెండింటికా? ఈ ఎండలోనా?”

“ఏటి చేస్తాం, ఆ తరవాత మంచి ఘడియ లేదంట. ఇంకో బండి సాయంత్రం దాకా దొరకదు. నేను అడిగేను.”

“జగన్నాథం, నా బండి పని ఇంకా సగంలో ఉంది.”

“మరేటి చెప్పమంటావు వాళ్ళకి?”

శంకరరావు ఝాన్సీ వైపు చూశాడు. ఆమె అప్పటికే రంగు గీకేసి స్క్రూ బిగిస్తోంది. తల ఎత్తకుండానే ‘పావుగంట’ అన్నట్టు చెయ్యి ఊపింది.

“వస్తానని చెప్పు” అన్నాడు.

ఎర్త్ వైరు తగలగానే ముల్లు ఒళ్ళు విరుచుకున్నట్టు లేచి ఎనభై మీద నిలబడింది. శంకరరావు మూత బిగించాడు. ఝాన్సీ చేతులు తుడుచుకుంటూ చెప్పింది.

“విను. తొంబై, తొంబై అయిదు అయితే పర్వాలేదు. వంద దాటితే జాగ్రత్త. నూట పది దాటితే ఎవరేమనుకున్నా ఆపీ. ఇంకోటి. ముల్లు ఉన్నట్టుండి పడిపోతే చల్లబడిందని సంతోషపడకు. గొట్టంలో నీళ్ళు లేకపోయినా పడిపోతాది. నీళ్ళు తగిలితేనే గదా సెన్సరు నిజం చెప్పేది.”

“అంటే పైకెళ్ళినా భయమే, కిందికొచ్చినా భయమేనా?”

“అంతే పెదనాన్నా” అని నవ్వింది. “నేను ఇంటికెళ్ళి పిల్లకి అన్నం పెట్టి వస్తాను. ఘాట్ దగ్గర కలుస్తాను. వైరింగు నిలబడిందో లేదో చూడాల.”

శంకరరావు భార్య శాంతాదేవి పెరుగన్నం కలిపి తెచ్చింది. బండి తీస్తే మళ్ళీ స్నానమయ్యేదాకా అతను ఏమీ ముట్టడు. నాలుగు ముద్దలు తిని కంచం పక్కన పెట్టేశాడు.

“ఒంట్లో బాగాలేదని చెప్పీయండి ఈవేళ” అంది ఆమె.

“బాగానే ఉంది.”

“ఏటి బాగుంది? నిన్న మెట్లెక్కి వస్తూ గోడ పట్టుకున్నారు. నేను చూళ్ళేదనుకున్నారా?”

“నేను రాకపోతే ఆయన్ని ఎవరు తీసుకెళ్తారు, శాంతా?”

ఆమె కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తిరుమలరావుగారి కూతురు స్వాతి బుకింగు ఆఫీసులో క్లర్కు. ఒక్కతే సంతానం. కొడుకులు లేరు కాబట్టి అల్లుడు దిలీప్ నిప్పుకుండ పట్టాడు. ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదని ఎవరో పెద్దాయన అన్నాడు. స్వాతి ఆయన్ని చూసి, “మా నాన్నకి నేను కాకుండా ఇంకెవరున్నారండీ?” అంది. ఆమె రథంలో వెనక, తండ్రి కాళ్ళ దగ్గర బెంచీ మీద కూర్చుంది.

మధ్యాహ్నం రెండు గంటల ఎండ తారుని మెత్తబరిచింది. దిలీప్ చెప్పులు లేకుండా ముందు నడుస్తున్నాడు. ఒకాయన అతని పక్కనే బిందె పట్టుకుని, అడుగు వెయ్యబోయే చోట నీళ్ళు చల్లుతున్నాడు. అయినా అతని పాదాలు నేలకి పూర్తిగా ఆనడం లేదు. డప్పులవాళ్ళు నాలుగు దెబ్బలు కొట్టి ఆగిపోతున్నారు, మళ్ళీ గుర్తొచ్చినట్టు కొడుతున్నారు. శంకరరావు మొదటి గేరులో, క్లచ్చు సగం తొక్కి, దిలీప్ వీపు చూస్తూ నడుపుతున్నాడు. మధ్యమధ్య ముల్లు చూస్తున్నాడు. ఎనభై అయిదు. బజారు దగ్గర తొంబై. మలుపు తిరిగాక తొంబై నాలుగు.

ఇదివరకు ఏమీ తెలియక, దేవుడి మీద భారం వేసి నడిపేవాడు. ఇప్పుడు తెలుస్తోంది. తెలియడం వల్ల ఏమంత సుఖం కలగలేదు.

సగం దారిలో, ఓవర్‌బ్రిడ్జికి కొంచెం ఇవతల, దింపుడు కళ్ళెం కోసం ఆపమన్నారు. పోయినవాళ్ళని అక్కడ ఒకసారి నేలకి దించి, అయినవాళ్ళు చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతారేమోనని. ఎవరూ పలకరు. అయినా పిలుస్తారు.

శంకరరావు ఇంజను ఆపలేదు. వేడి మీద ఆపితే ఈ బండి మళ్ళీ అందుకోదని అతనికి తెలుసు. నలుగురూ పాడె దించి, రోడ్డు పక్క రావిచెట్టు నీడలో పెట్టారు. మగవాళ్ళెవరో పిలవబోతే స్వాతి అడ్డు వచ్చి తనే మోకాళ్ళ మీద కూర్చుంది. తండ్రి చెవి దగ్గర వంగింది.

“నాన్నా” అంది.

ముల్లు తొంబై తొమ్మిది.

ఆమె వెంటనే రెండోసారి పిలవలేదు. తండ్రి నుదుటి మీద పడ్డ పూరేకు తీసేసింది. చెంప నిమిరింది. డప్పులు ఆగిపోయాయి. ఇంజను ఒక్కటే గురగురమంటోంది. శంకరరావుకి యాక్సిలరేటరు తొక్కాలనుంది. తొక్కితే ఫ్యాను జోరుగా తిరుగుతుంది, కొంచెం చల్లబడుతుంది. కాని ఆ కూతురు తండ్రిని పిలుస్తుంటే పక్కన బండి రంకెలు వెయ్యనివ్వడం అతని వల్ల కాలేదు. పాదం పైకి తీసేశాడు.

“నాన్నా.” రెండోసారి.

నూట మూడు.

పోయిన నెల వెంకటేశ్వరరావు అన్న మాట గుర్తొచ్చింది. ఇంకో ఇంటివాళ్ళ చేత కూడా ఆ మాట అనిపించుకోవాలా అనుకున్నాడు. చేతులు స్టీరింగు మీద జారుతున్నాయి. అప్పుడు తట్టింది. ఇది అంబులెన్సుగా తిరిగిన రోజుల్లో, చలికాలం రోగులకోసం ముందర వేడిగాలి మర పెట్టారు. ఇంజను నీళ్ళే ఆ మరలోకి వెళ్ళి, అక్కడ వేడి వదిలేసి తిరిగొస్తాయి. ఈ ఏడేళ్ళలో అతనొక్కసారి కూడా దాన్ని తాకలేదు. తుప్పు పట్టిన మీట పట్టుకుని పక్కకి లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. కిర్రుమని జరిగింది. చిన్న ఫ్యాను దుమ్ము చిమ్మి తిరగడం మొదలుపెట్టింది.

పొయ్యి మీది కుండ మూత తీసినట్టు ముఖానికి వేడి కొట్టింది. కాళ్ళ మీదికి, గుండెల మీదికి, కళ్ళల్లోకి. బయట నలభై అయిదు డిగ్రీలు. లోపల ఎంతో చెప్పే మీటరు లేదు. శంకరరావు పై బొత్తాములు విప్పుకుని, భుజం మీది తువ్వాలు నెత్తిన వేసుకుని, కళ్ళు సగం మూసి కూర్చున్నాడు. ముల్లు నూట నాలుగు దగ్గర ఆగింది. ఆగి, కదల్లేదు.

స్వాతి మూడోసారి పిలిచినప్పుడు పెదాలు మాత్రం కదిలాయి. ఆ తరవాత కూడా ఆమె లేవలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. దిలీప్ కుండ పట్టుకునే, ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. చివరికి ఆమె తనంతట తనే లేచి, చీర దుమ్ము దులుపుకుని, “పదండి” అంది.

ఓవర్‌బ్రిడ్జి ఎక్కుడు శంకరరావుకి ఇంకెప్పటికీ తరగదేమో అనిపించింది. చెమట కనుబొమలు దాటి కళ్ళలోకి దిగుతోంది. ముందున్న వీపు మసకగా, రెండుగా కనబడుతోంది. నూట ఆరు. పోయిన నెల ఆవిరి చిమ్మిన చోటు దాటింది. నూట ఎనిమిది. ‘నూట పది దాటితే ఎవరేమనుకున్నా ఆపీ’ అన్న ఝాన్సీ మాట చెవిలో ఉంది. ఇంకో పది అడుగులు, ఇంకో పది అడుగులు అని తనకి తాను చెప్పుకున్నాడు. బ్రిడ్జి నడినెత్తికి చేరాక వడగాలి ఎదురుగా రేడియేటరుకి కొట్టింది. వడగాలిని చూసి సంతోషించడం అతనికి అదే మొదటిసారి.

దిగుడులో ముల్లు వేగంగా దిగింది. నూట రెండు, తొంబై ఏడు, తొంబై. గొట్టం ఊడిందా? నీళ్ళు పోయాయా? కిందికి వంగి చూసే వీలు లేదు. అరచెయ్యి వేడిగాలి మర ముందు పెట్టాడు. చుర్రుమంది. నీళ్ళు లేకపోతే ఇక్కడ చల్లగాలి రావాలి. నీళ్ళున్నాయి. గొట్టం ఉంది.

తోర్వా ఘాట్ శ్మశానంలో బండి ఆపి, పాడె దించాక, శంకరరావు తలుపు తీసుకుని దిగబోయాడు. తలుపు పట్టుకుని అలాగే కిందికి జారి, చక్రం పక్కన నేల మీద కూర్చున్నాడు. చొక్కా నీళ్ళలో ముంచి తీసినట్టుంది. ముఖమంతా తడి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అటు వెళ్తున్న ఒక ముసలాయన ఆగి, వంగి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“ఊరుకోండి బాబూ. పెద్ద వయసే గదా, సుఖంగా వెళ్ళిపోనారు. మీకు బాగా చుట్టమా?”

శంకరరావు తిరుమలరావుగారిని మహా అయితే రెండుసార్లు చూసి ఉంటాడు. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరవాలి. ఓపిక లేదు. తల ఊపాడు. ముసలాయన ఇంకోసారి భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆ తట్టిన చోట ఏమైందో, శంకరరావుకి నిజంగానే ఏడుపొచ్చింది. తిరుమలరావుగారి కోసం కాదు. లక్ష్మీనరసమ్మగారి కోసమూ కాదు. ఝాన్సీ తండ్రి నూకరాజుని తెచ్చిన రోజు బండి నడపాలి గనక ఏడవలేదు. ఆ తరవాత ఎవరినో తీసుకెళ్ళాల్సొచ్చింది, ఆ తరవాత మరొకరిని. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. చెమట తుడుచుకుంటున్నాడనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

చితి అంటుకున్న కొంతసేపటికి ఝాన్సీ వచ్చింది. భర్త రోహన్ ఆమెని గేటు దగ్గర దించి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆమె వస్తూనే శంకరరావుని చూసి, పరుగున వెళ్ళి కుళాయి దగ్గర సీసా నింపుకొచ్చి, ముందు నెత్తి మీద పోసింది, తరవాత తాగించింది. అప్పుడు బండిలో తల పెట్టి చూసి, వెంటనే బయటికి తీసింది.

“ఒలమ్మో! ఇదేటి ఇది? మే నెలలో హీటరు వేసేవా?”

“వేసేను. నూట ఎనిమిది దాకా ఎల్లింది. దాటలేదు.”

“పెదనాన్నా, ఇంజను మారితే ఇంకోటి వస్తాది. నీకేమైనా అయితే?”

“అంత దూరం ఆలోచించలేదమ్మా.”

మూత ఎత్తి చూశారు. ఒక క్లిప్పు దగ్గర నీటి చెమ్మ. చుక్కగా చేరి, రాలి, ఇంజను మీద పడి ఆవిరవుతోంది. శంకరరావు స్క్రూ డ్రైవరు తీసుకున్నాడు గాని దాని కొస గాడిలో నిలబడటం లేదు. ఝాన్సీ అతని చేతిలోంచి అది తీసుకుని నాలుగు తిప్పులు తిప్పింది. చెమ్మ ఆగింది.

జనం ఆటోల్లో, బైకుల్లో వెళ్ళిపోయారు. స్వాతి వెళ్తూ రథం దగ్గర ఆగింది. ముఖం వాచి ఉంది. “దారిలో తొందరపెట్టకుండా ఆపేరు, బాబాయ్‌గారూ” అంది. చేతులు జోడించింది. శంకరరావు కూడా చేతులు జోడించాడు.

ఆమె వెళ్ళాక అతను బండి చుట్టూ తిరిగి డ్రైవరు తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు.

“ఝాన్సీ, బండి నువ్వు తియ్యగలవా? నా చేతులు ఆడట్లేదు.”

“నేను షెడ్డులో ఇంజన్లు జరుపుతాను, ఇదెంత?” అంటూనే ఆమె ఎక్కి కూర్చుంది. సీటు ముందుకి జరుపుకుంది. హీటరు మీట వెనక్కి తోసింది. అతను అటువైపు నుంచి ఎక్కాడు. ఏడేళ్ళలో ఆ పక్క సీటులో అతను కూర్చోవడం అదే మొదలు. అక్కడినుంచి రోడ్డు వేరేగా ఉంది. ఎవరి వీపూ చూస్తూ నడపక్కర్లేదు. ఖాళీ బండి, గాలి బాగా తగులుతోంది.

“సంఘంలో ఒప్పుకుంటారా, ఆడపిల్ల నడిపితే?” అన్నాడు.

“ఎవరొస్తన్నారు గనక ఒప్పుకోకపోడానికి? నా రెస్టు రోజులు చెప్తాను, ఆ రోజులు నాకు వదిలీ. మిగతాది మీ సెక్రటరీ చూసుకుంటాడు.”

“మీ ఆయన ఏటంటాడో.”

“మా నాన్నని ఈ బండిలో తీసుకెళ్ళినప్పుడు ఆయన వెనకాల కూర్చున్నాడు. ఏమీ అనడు.”

జవాబు రాకపోతే ఆమె పక్కకి చూసింది. శంకరరావు తల తలుపుకి ఆన్చి నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది. గుంతల దగ్గర ఆమె నెమ్మది చేసింది.

హేమూనగర్‌లో ఇంటి ముందు నీడ చూసి బండి ఆపి, ఇంజను ఆపింది. శాంతాదేవి అప్పటికే వీధి కుళాయి పక్కన రెండు బకెట్లు నింపి, పొడి పంచె గోడ మీద వేసి ఉంచింది. బండి అవతల, డ్రైవరు వైపు నుంచి ఝాన్సీ దిగడం చూసి ఆమె ముఖంలో రంగు పోయింది. గబగబా వచ్చి ఇవతలి కిటికీలోంచి తొంగి చూసింది. అతని ఛాతీ లేస్తూ పడుతూ ఉండటం చూశాక గాని ఆమె చెయ్యి తలుపు మీద ఆనలేదు.

“లేపనా, పెద్దమ్మా?” అంది ఝాన్సీ మెల్లగా.

“వద్దమ్మా” అంది శాంతాదేవి. “పడుకోనీ. స్నానం తరవాతైనా చెయ్యొచ్చు.”

ఆమె అతని జేబులోంచి ఫోను తీసి, ఆపేసి, చెంగులో ముడి వేసుకుంది. ఝాన్సీ అటువైపు తలుపు కూడా తెరిచి పెట్టింది, గాలి ఆడుతుందని.